సర్వర్ సందేహాలు: సొంత మిషన్ మీద అడ్రస్‌ల వెతుకులాట

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే సబ్జెక్టు, అడ్రస్ ఇస్తే మ్యాప్‌లో పాయింట్ చూపించే సాఫ్ట్‌వేర్ సొంత సర్వర్లో ఎట్లా పెట్టుకోవాలని. అందుకే మిగతావి వచ్చే నెలకి జరిపేశాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): అన్నా, మేము నలుగురం కలిసి కిరాణా సరుకులు ఇంటికి చేర్చే చిన్న ఆప్ నడుపుతున్నాం. అడ్రస్‌లని మ్యాప్ పాయింట్లుగా మార్చడానికి ఒక కంపెనీ సర్వీసు వాడుతున్నాం, ఆర్డర్లు పెరిగేకొద్దీ దాని బిల్లూ పెరిగిపోతా ఉంది. ఫ్రీగా మన సర్వర్లోనే పెట్టుకోవచ్చు అంటున్నారు, నిజమేనా? ఎంత మిషన్ కావాలి?

జవాబు: నిజమే తమ్ముడూ. నామినాటిమ్ అని ఒకటుంది, జనమే కలిసి గీసుకునే ఫ్రీ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది కదా, దాని సెర్చ్ బాక్సులో ఊరి పేరు కొడితే వెనకాల పనిచేసేది అదే. సాఫ్ట్‌వేర్ ఫ్రీ, డేటా ఫ్రీ, సర్వర్ కిరాయి మాత్రం మీది. వాళ్ళ పబ్లిక్ సర్వర్నే వాడుకుంటే పోలా అంటారేమో, కుదరదు, సెకనుకి ఒక్క రిక్వెస్టు దాటకూడదని రూలు, టైప్ చేస్తుంటే సజెషన్లు చూపించడానికైతే అసలు వాడకూడదు, మాట వినకపోతే బ్లాక్ చేస్తారు.

మిషన్ సంగతికొస్తే, డాక్యుమెంటేషన్ తెరవగానే 128 జీబీ ర్యామ్, 1 టీబీ డిస్క్ అని కనబడి చాలామంది అక్కడికక్కడే దణ్ణం పెట్టి వెనక్కొచ్చేస్తారు. అది ప్రపంచం మొత్తం మ్యాపుకి. తిరుచానూరు దాకా సరుకులు వేసేవాడికి బ్రెజిల్ రోడ్లెందుకు? జర్మనీలో జియోఫాబ్రిక్ అనే కంపెనీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని దేశాల వారీగా కోసి ఫ్రీగా ఇస్తుంది, ఇండియాని మళ్ళీ జోన్లుగా కోసింది, అందులో సదరన్ జోన్ ఫైలు తీసుకోండి, మన ఆంధ్రతో పాటు తమిళనాడు, కర్ణాటక కూడా అందులోనే ఉంటాయి, మనకెట్లాగూ రెండు బోర్డర్లూ దగ్గరే కాబట్టి పనికొస్తాయి. దానికి 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి, 8తో కూడా లాగించొచ్చు, కానీ డిస్క్ మాత్రం ఎస్ఎస్‌డీనే ఉండాలి, మామూలు హార్డ్ డిస్క్ మీద ఇంపోర్ట్ (మ్యాప్ ఫైలుని డేటాబేస్‌లోకి ఎక్కించడం) పెడితే అది అయ్యేసరికి మీకు ఈ ఆప్ మీదే విరక్తి పుడుతుంది.

ఇంకా చిన్నది చేసుకుందాం అని కొందరు మ్యాప్ ఫైళ్ళు కోసే ఆస్మియమ్ టూల్‌తో తిరుపతి చుట్టూ ఒక డబ్బా గీసి అంతవరకే కోసేసుకుంటారు. కొయ్యచ్చు, కాకపోతే మామూలుగా కోస్తే జిల్లా హద్దు, రాష్ట్రం హద్దు మధ్యలో తెగిపోతాయి, అప్పుడు అలిపిరి అని వెతికితే పాయింట్ వస్తుంది గానీ అడ్రస్‌లో ఆంధ్రప్రదేశ్ అనే మాటే ఉండదు. కొయ్యాల్సి వస్తే స్మార్ట్ స్ట్రాటజీ పెట్టి, బౌండరీలు కూడా పూర్తిగా తీసుకోమని దానికి చెప్పాలి. నన్నడిగితే ఈ కోతల గోల లేకుండా జోన్ ఫైలే మేలు.

ఇన్‌స్టాల్ చెయ్యడం ఇప్పుడు అంత కష్టమేం కాదు. పాత గైడ్లలో పీహెచ్‌పీ, అపాచీ అని ఉంటే పక్కన పడేయండి, 5.0 వెర్షన్‌లో పీహెచ్‌పీ తీసేశారు, ఇప్పుడు మొత్తం పైథానే. ఉబుంటు మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానికి మ్యాప్ లెక్కలు నేర్పే పోస్ట్‌జీఐఎస్, మ్యాప్ ఫైలుని అందులోకి ఎక్కించే ఓఎస్ఎమ్‌టూపీజీఎస్‌క్యూఎల్ ఈ మూడూ ఆప్ట్ కమాండ్‌తో వేసుకుని, ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి అందులో పిప్‌తో నామినాటిమ్ డీబీ, నామినాటిమ్ ఏపీఐ అనే రెండు ప్యాకేజీలు పెట్టుకోవాలి. రూట్ యూజర్‌తో చెయ్యొద్దు, విడిగా ఒక యూజర్ని పెట్టి, వాడికి పోస్ట్‌గ్రెస్‌లో సూపర్‌యూజర్ హక్కు ఇచ్చి, వెబ్ సర్వర్ కోసం ఏ హక్కులూ లేని ఇంకో డేటాబేస్ యూజర్ని కూడా ముందే తయారు చేసుకోండి, ఇది మర్చిపోతే ఇంపోర్ట్ మొదట్లోనే ఎర్రర్ కొట్టి నిలబడిపోతుంది. తర్వాత ఒక ప్రాజెక్ట్ ఫోల్డర్, సెట్టింగులు రాసుకునే డాట్ ఈఎన్‌వీ ఫైలు అందులోనే ఉంటుంది, కమాండ్లన్నీ ఆ ఫోల్డర్లో నిలబడే కొట్టాలి. ఇంపోర్ట్ స్టైల్ అని ఒక సెట్టింగ్ ఉంది చూడండి, అడ్రస్ స్టైల్ పెడితే డేటాబేస్ చిన్నదవుతుంది గానీ గుళ్ళు, కల్యాణ మండపాలు, హోటళ్ళు రావు, మన జనం అడ్రస్ చెప్పేదే ఫలానా గుడి పక్కన అని కదా, కాబట్టి ఫుల్ స్టైల్ పెట్టండి.

అయిపోయాక చెక్ డేటాబేస్ కమాండ్ కొట్టి అన్నీ ఓకే అని చూసుకోండి, సర్వ్ కమాండ్ కొడితే 8088 పోర్టులో టెస్ట్ సర్వర్ లేస్తుంది. అది చూసుకోవడానికే, దాన్నే ఆప్‌కి తగిలించొద్దు. అసలు పనికి గునికార్న్ (పైథాన్ ప్రోగ్రాముల్ని నడిపే సర్వర్), దాని ముందర ఎంజిన్‌ఎక్స్ (బయటి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్). పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు మాత్రం బయటికి తెరవొద్దు, దయచేసి.

ప్రశ్న (గ్రీమ్స్‌పేట, చిత్తూరు): సార్, కాలేజీ ప్రాజెక్టు కోసం 4 జీబీ సర్వర్ మీద ఇంపోర్ట్ పెట్టాను. రాత్రంతా నడిచింది, పొద్దున చూస్తే కిల్డ్ అని ఒక్క ముక్క ఉంది, ఇంకేమీ లేదు. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలా?

జవాబు: డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) కొట్టి చూడు, అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది, ర్యామ్ చాలక కెర్నలే దాన్ని చంపేసింది. నువ్వు డాక్యుమెంటేషన్లో ఉన్న పోస్ట్‌గ్రెస్ సెట్టింగులు అట్లాగే దించేసుంటావు. అందులో మెయింటెనెన్స్ వర్క్ మెమ్ 10 జీబీ అని ఉంటుంది, నీ మిషన్లో ఉన్నదే నాలుగు, ఇంక ఎక్కడ్నుంచి తెస్తుంది పాపం. దాన్ని కొన్ని వందల ఎంబీలకి దించు, షేర్డ్ బఫర్స్ కూడా తగ్గించు, థ్రెడ్లు ఒకటో రెండో చాలు, ఓఎస్ఎమ్‌టూపీజీఎస్‌క్యూఎల్ క్యాష్ సైజు తగ్గించు, కొంచెం స్వాప్ (ర్యామ్ నిండితే డిస్క్‌లో వాడుకునే చోటు) పెట్టుకో.

మొదట్నుంచా కాదా అనేది ఎక్కడ చచ్చిందో దాన్ని బట్టి ఉంటుంది. లాగ్ పైకి జరిపి చూడు. ఇంకా ఫైలు లోడ్ అవుతున్నప్పుడే పోయుంటే డేటాబేస్ తీసేసి మళ్ళీ మొదలుపెట్టడమే. ర్యాంక్ 26, ర్యాంక్ 30 అని లైన్లు కనిపిస్తా ఉంటే మాత్రం లోడింగ్ దాటేసి ఇండెక్సింగ్‌లో, అంటే ఒక్కో చోటుకీ అడ్రస్ కట్టే దశలో ఉన్నట్టు, అప్పుడు ఇంపోర్ట్ కమాండ్‌కే కంటిన్యూ ఇండెక్సింగ్ అని చేరిస్తే ఆగిన చోట నుంచి అందుకుంటుంది. 26 అంటే వీధులు, 30 అంటే ఇళ్ళు, షాపులు, గుళ్ళు. అక్కడ చాలాసేపు కదలనట్టు ఉంటుంది, కంగారుపడి కంట్రోల్ సీ కొట్టొద్దు.

ఇంకోటి, స్పీడ్ కోసం ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌లోకి చేరిందని పోస్ట్‌గ్రెస్ ఖాయం చేసుకునే సెట్టింగ్) ఆఫ్ చేసుంటే ఇంపోర్ట్ అయిన వెంటనే ఆన్ చేసెయ్, లేకపోతే ఒక్కసారి కరెంటు పోతే డేటాబేస్ మొత్తం గోవిందా.

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి): సర్వర్ బాగానే లేచింది. తిరుపతి అంటే వస్తోంది, లీలామహల్ సర్కిల్ అని ఇంగ్లీషులో కొడితే వస్తోంది. మా కస్టమర్ల అడ్రస్‌లు వేస్తే మాత్రం సగానికి పైగా ఖాళీ. ఎక్కడ తప్పు?

జవాబు: సర్వర్లో తప్పేం లేదు, మీరు వేసే అడ్రస్‌లోనే ఉంది చిక్కంతా. మీరు పంపిన నమూనాలో ఒకటి తీసుకుందాం: డోర్ నంబరు, ఫలానా టిఫిన్ సెంటర్ ఎదురుగా, కేటీ రోడ్, తిరుపతి, చిత్తూరు జిల్లా, పిన్ 517507. నామినాటిమ్ ఇచ్చిన మాటలన్నీ ఒకే చోట కుదరాలని చూస్తుంది, ఒక్కటి కుదరకపోయినా ఖాళీ చేతులు చూపించడం దానికి మామూలే. ఎదురుగా అనే మాట ఏ మ్యాపులోనూ లేదు. డోర్ నంబర్లు మన ఊళ్ళలో మ్యాపుకి ఎక్కించినవాళ్ళు చాలా తక్కువ. ఇంక జిల్లా, తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4 నుంచి విడిగా ఉంది, మ్యాప్‌లో మారిపోయింది, జనం ఆధార్ కార్డుల్లో, అలవాట్లలో మాత్రం ఇంకా చిత్తూరు జిల్లానే. కాబట్టి ఎదురుగా, చిత్తూరు జిల్లా అనే మాటలుంటే మిగతా అడ్రస్ ఎంత కరెక్టుగా ఉన్నా దొరకదు.

అందుకే అడ్రస్ సర్వర్‌కి పంపే ముందే ఒక చిన్న స్క్రిప్టుతో కడగాలి. డోర్ నంబరు, ఎదురుగా, పక్కన, వెనక, సన్నాఫ్, ఫోన్ నంబరు ఇవన్నీ తీసెయ్యండి, జిల్లా పేరు పూర్తిగా పీకెయ్యండి, మిగిలిన దాన్ని వీధి, ఊరు, పిన్ అని విడదీసి స్ట్రక్చర్డ్ క్వెరీగా అడగండి. అప్పటికీ రాకపోతే వీధి వదిలేసి కాలనీ పేరుతో, అదీ రాకపోతే పిన్‌తో. పిన్ కోడ్ల పాయింట్లు మీ దగ్గర నమ్మకమైనవి ఉంటే ఒక సీఎస్‌వీ ఫైల్లో రాసి ప్రాజెక్ట్ ఫోల్డర్లో పెట్టి పోస్ట్‌కోడ్లు రిఫ్రెష్ చెయ్యొచ్చు, దీని గురించి చాలామందికి తెలీదు.

స్పెల్లింగ్ సంగతి కూడా చెప్పాలి. నామినాటిమ్ అక్షర దోషాలు సరిదిద్దదు. తెలుగులో వెతికితే లోపల దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుంటుంది, అలిపిరి, తిరుపతి లాంటివి సులభంగా కుదిరిపోతాయి, లీలా మాత్రం ఎల్ ఐ ఎల్ ఏ అయిపోతుంది, మ్యాప్‌లో డబుల్ ఈతో ఉన్న లీలాకి అది తగలదు. దీనికి మందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తెరిచి ఆ చోటుకి తెలుగు పేరు, జనం పిలిచే ఇంకో పేరు మీరే చేర్చడం. మీ డెలివరీ పిల్లలకి రోజూ తిరిగే సందులన్నీ తెలుసు కదా, వాళ్ళ చేత చేయించండి. ఇంకెవరి మ్యాపులోనో చూసి కాపీ కొట్టొద్దు, అది లైసెన్సు గొడవ.

ప్రశ్న (పుత్తూరు): మనం చేర్చిన పేర్లు మన సర్వర్లోకి ఎప్పుడొస్తాయి?

జవాబు: వాటంతటవి రావు. జియోఫాబ్రిక్ రోజూ మార్పుల ఫైళ్ళు ఇస్తుంది, డాట్ ఈఎన్‌వీలో రెప్లికేషన్ యూఆర్ఎల్ (మార్పులు తెచ్చుకునే చోటు) సదరన్ జోన్‌కి మార్చి, రెప్లికేషన్ కమాండ్‌ని ఒకసారి ఇనిట్‌తో కొట్టి, తర్వాత రోజుకొకసారి టైమర్‌తో నడపండి. ఇంపోర్ట్ అప్పుడు నో అప్‌డేట్స్ పెట్టుంటే ఇది పనిచెయ్యదు.

ప్రశ్న (రేణిగుంట): టైప్ చేస్తుంటేనే కింద పేర్లు రావాలి, నామినాటిమ్‌తో అవుతుందా?

జవాబు: కాదు, దానికి ఫోటాన్ చూడండి, అదీ ఓపెన్ సోర్సే, మీ నామినాటిమ్ డేటాబేస్ నుంచే డేటా లాక్కుంటుంది, చిన్న చిన్న తప్పులు కూడా సర్దుకుంటుంది. జావా మీద నడుస్తుంది కాబట్టి ర్యామ్ ఇంకొంచెం చూసుకోండి. రెంటిలో ఏది వాడినా ఆప్ స్క్రీన్ మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్ అని కనబడేటట్టు వెయ్యాలి, లైసెన్సులో వాళ్ళడిగేదాంట్లో ముఖ్యమైంది అదే.