ఉతుకు మధ్యలో మెషీన్ ఆగిపోతే

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ మెషీన్ బట్టలు బాగానే ఉతుకుతుంది. స్పిన్‌కి వచ్చేసరికి ఆగిపోతోంది. డ్రమ్ములో నీళ్లు అలాగే ఉంటాయి, తలుపు తెరుచుకోదు. మెకానిక్ మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. నీళ్లు నిలిచాయంటే ముందు చూడాల్సింది నీళ్లను బయటికి తోసే డ్రెయిన్ పంపు. నీళ్లు పోయాయని, నీటిమట్టం కనిపెట్టే ప్రెజర్ స్విచ్ చెప్పేదాకా మెషీన్ స్పిన్‌కి వెళ్లదు, తలుపు లాకూ వదలదు.

ప్లగ్ తీసేయండి. వేడినీళ్లతో ఉతుకుతుంటే చల్లారనివ్వండి. చాలా మోడళ్లకు ముందువైపు అడుగున చిన్న మూత, దాని వెనక ఫిల్టర్ ఉంటాయి. పక్కనే సన్నటి ట్యూబు ఉంటే బిరడా తీసి నీళ్లు పళ్లెంలోకి వంపండి. లేకపోతే ఫిల్టర్‌ను కొద్దిగా వదులు చేసి, పళ్లెం నిండగానే బిగిస్తూ విడతలవారీగా తీయాలి. ఒక్కసారిగా ఊడదీశారో, గదంతా చెరువే.

ఫిల్టర్లో నాణేలు, పిన్నీసులు, గుండీలు, నూలు పీచు దొరుకుతాయి. అవి తీశాక టార్చి వేసి లోపలి పంపు రెక్కను వేలితో తిప్పండి. సాఫీగా కాకుండా ఆగి ఆగి, గెంతుతున్నట్టు తిరగాలి. లోపలి అయస్కాంతం వల్ల అలా ఉంటుంది. అది చూసి పంపు పోయిందనుకునేవాళ్లు చాలామందే. అసలు కదలకపోతే జుట్టో దారమో చుట్టుకున్నట్టు. ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగితే రెక్క ఇరుసు నుంచి ఊడినట్టు. అప్పుడు పంపు మార్చాల్సిందే.

వెనక డ్రెయిన్ పైపు గోడకు నొక్కుకుపోయి మడత పడిందేమో కూడా చూడండి. దాని చివర సాధారణంగా నేల నుంచి 60–100 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మరీ కిందికి ఉంటే ఇంకో తంటా: పట్టిన నీళ్లు పట్టినట్టే బయటికి పోతుంటాయి, మెషీన్ నింపుకుంటూనే ఉండి చివరికి ఆగిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, ప్లగ్ తీసే ఉంచి మల్టీమీటరుతో పంపు కాయిల్ (మోటారులోని తీగచుట్ట) చూడమనండి. 230 వోల్టుల పంపుకి సాధారణంగా 100–200 ఓంలు రావాలి. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగింది. కాయిల్ బాగుండి, వైర్లు బాగుండి, పంపుకి కరెంటు అందకపోతేనే బోర్డు మాట.

ప్రశ్న: మా టాప్ లోడ్‌లో నీళ్లు పోతాయి. స్పిన్ మొదలై ధన్‌ధన్‌మని కొట్టుకుని ఆగుతుంది. మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. ఎందుకు?

జవాబు: బరువు ఒకవైపు చేరింది. బట్టల్ని సర్దుకోవడానికే మళ్లీ నీళ్లు పట్టుకుంటోంది. దుప్పటి ఒక్కటే వేస్తే ఇలాగే అవుతుంది, దానికి జతగా రెండు తువ్వాళ్లు వేయండి. మెషీన్ ఎదురెదురు మూలలు నొక్కి చూడండి. ఊగితే కాళ్లు సరిచేయాలి. అప్పటికీ కొట్టుకుంటుంటే ఖాళీ టబ్బును కిందికి నొక్కి వదలండి. లేచి వెంటనే కుదురుకోవాలి. అలాకాక చాలాసేపు ఊగుతుంటే టబ్బును మోసే సస్పెన్షన్ రాడ్లు అరిగాయి. నాలుగూ కలిపే మార్పించండి. ఒక్కటే మారిస్తే టబ్బు ఒక పక్కకి ఒరుగుతుంది.