మిషిగన్‌లో మా ఇంటి వెనక కూగర్ (ప్యూమా అనే పెద్ద అడవిపిల్లి) కనిపించిందంటే డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్లు కొట్టిపారేశారు. వీళ్లు నిజం దాస్తున్నారా?

దాయడం లేదు. కానీ జనానికి ఆ అనుమానం రావడంలో సగం తప్పు వాళ్లదే.

డెట్రాయిట్ శివార్లలో ఉంటామని, రాత్రి డోర్‌బెల్ కెమెరాలో పెద్ద పిల్లిలాంటిది కనబడిందని, వీడియో పంపితే "మామూలు పిల్లే" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారని రాశారు. ఆ జవాబు నిజమే కావచ్చు. డోర్‌బెల్ కెమెరా లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గరికొచ్చిన ఇంటి పిల్లిని కూడా పులంత చేసి చూపిస్తుంది. ఏం చూసి పిల్లి అనుకున్నారో ఇంకో వాక్యం కలిపి ఉంటే మీకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఏ రాష్ట్రంలోనూ అధికారులకు చేతులు రావు, అదేం జబ్బో!

కనెక్టికట్ సంగతి చూడండి. 2011 జూన్ మొదట్లో గ్రీనిచ్‌లో కూగర్ తిరుగుతోందని గోల మొదలైంది, ఫొటో కూడా బయటికొచ్చింది. మా రాష్ట్రంలో అడవి కూగర్లు లేవు, ఎవరో పెంచుకుంటున్నది తప్పించుకుని ఉంటుంది అన్నారు అధికారులు. జూన్ 11న మిల్‌ఫర్డ్‌లో విల్బర్ క్రాస్ పార్క్‌వే మీద ఒక ఎస్‌యూవీ గుద్ది ఓ కూగర్ చచ్చిపోయింది. 140 పౌండ్ల మగది. గోళ్లు పీకించిన ఆనవాళ్లు లేవు, మైక్రోచిప్ లేదు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ లేదు. చర్మం కింద ముళ్లపంది ముళ్లు మాత్రం దొరికాయి, అంటే అడవిలో తిరిగిందే. మోంటానాలోని మిజూలా ల్యాబ్‌లో డీఎన్ఏ చూస్తే, అది సౌత్ డకోటా బ్లాక్ హిల్స్ సంతతిదని తేలింది. అంతకు ముందు మినెసోటా, విస్కాన్సిన్‌లలో దొరికిన నమూనాలతోనూ, న్యూయార్క్‌లో లేక్ జార్జ్ దగ్గర దొరికిన వెంట్రుకలతోనూ సరిపోయింది. అంటే ఒకే జంతువు 1,500 మైళ్లకు పైగా నడిచొచ్చింది. అది పెంపుడుది కాదని జూలై చివర్లో అధికారులే ప్రకటించారు. అప్పటికే "పెంపుడు జంతువు" అన్న మాట ఊరంతా తిరిగేసింది.

విచిత్రమేమిటంటే, అక్కడ కూగర్లు స్థిరపడి పిల్లల్ని కనడం లేదన్న వాళ్ల అసలు మాట ఇప్పటికీ నిజమే. ఏడాదిన్నర వయసులో తల్లిని వదిలాక ఆడపిల్ల చాలావరకు తల్లి దగ్గరి అడవిలోనే సర్దుకుంటుంది, మగది ఆడతోడు కోసం ఎంత దూరమైనా పోతుంది. అందుకే తూర్పుకు ముందు చేరేవి మగవే, వాటితో సంతతి పెరగదు. శాఖ దృష్టి ఆడదీ పిల్లలూ ఉన్నాయా అన్న దాని మీద ఉంటుంది. పెరట్లో జంతువును చూసినవాడికి అదంతా ఎందుకు? తనను అబద్ధాలకోరు అన్నారనే అనుకుంటాడు.

ఈ విషయంలో మిషిగన్ కొంచెం నయం. 2008 నుంచి శిక్షణ ఉన్న బృందం ఫొటోలను, జాడలను పరిశీలించి, తేలినవాటిని కౌంటీ పేరుతో సహా బయటపెడుతోంది. దాదాపు అన్నీ రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం, అప్పర్ పెనిన్సులావే. మీరుండే దక్షిణపు ద్వీపకల్పం, లోయర్ పెనిన్సులాలో 2017 జూన్‌లో లాన్సింగ్ పక్కన బాత్ టౌన్‌షిప్‌లో ఒకాయన కారులోంచి తీసిన ఫొటో నిజమని తేల్చారు. 2025 మార్చిలో అప్పర్ పెనిన్సులాలోని ఆంటనాగన్ కౌంటీలో ఏడు నుంచి తొమ్మిది వారాల వయసున్న రెండు కూనలు దొరికాయి. మిషిగన్‌లో 1906లో న్యూబెర్రీ దగ్గర చివరి కూగర్‌ని చంపాక కూనలు కనబడ్డది అదే మొదలు. దాచే ఉద్దేశమే ఉంటే ముందు దాచాల్సింది దాన్ని. ఫొటోలతో సహా వాళ్లే చెప్పారు.

జింకలు ఎక్కువయ్యాయని శాఖవాళ్లే రహస్యంగా కూగర్లను తెచ్చి వదిలారన్న వాట్సాప్ కథ ఇంకొకటి. కనెక్టికట్ దాకా తనంతట తానే నడిచొచ్చిన కూగర్ దారి పొడవునా వదిలిన ఆనవాళ్లే దానికి జవాబు. ఇక "నల్ల కూగర్" చూశామనేవాళ్లకు దండం. చర్మం గానీ, శవం గానీ, నిలబడే ఫొటో గానీ ఇంతవరకు ఎవరూ తేలేదు. నల్లగా ఉండేవి చిరుతలు, జాగ్వార్లు. ఇలాంటి ఫిర్యాదులు చదివీ చదివీ అధికారులకు విసుగు పుడుతుంది, ఆ విసుగు మీలాంటివాళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. వీడియోను వాట్సాప్‌లో పంపకండి. అది ఫైలును కుదించి, తేదీ, స్థలం వివరాలు చెరిపేస్తుంది. కత్తిరించకుండా, జూమ్ చేయకుండా ఒరిజినల్ ఫైలే డీఎన్ఆర్ వెబ్‌సైట్‌లోని 'ఐస్ ఇన్ ది ఫీల్డ్' పేజీలో పెట్టండి. తర్వాత అదే కెమెరాతో, జంతువు నిలబడ్డ చోటే మీటరు కర్ర నిలబెట్టి ఇంకో ఫొటో తీసి జత చేయండి. ఎదిగిన కూగర్ భుజం ఎత్తు సాధారణంగా 60 సెంటీమీటర్లకు తగ్గదు, ఇంటి పిల్లిది 30 దాటడం అరుదు. కర్ర పక్కనుంటే వాదనే ఉండదు. కూగర్ చెవులు గుండ్రం, పిల్లివి మొనదేలి ఉంటాయి. తోక లావుగా, ఒంటి మొత్తం పొడవులో మూడో వంతు దాకా ఉంటుంది. బాబ్‌క్యాట్ అనే చిన్న అడవిపిల్లి తోక బెత్తెడే.

కాలి జాడ దొరికితే పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. వెడల్పు 7.5 నుంచి 9 సెంటీమీటర్లు, గోళ్ల గుర్తులుండవు, మడమ మెత్త వెనక అంచున మూడు ఉబ్బులుంటాయి. ఎక్కువమంది మోసపోయేది మంచులో. ఎండకు కరిగి అంచులు విచ్చుకుంటే చిన్న పిల్లి జాడ కూడా కూగరంత అవుతుంది, అందుకే తెల్లారేసరికి నీడపట్టున ఉన్నవే తీయాలి. బురదలోనైతే రెండు పాళ్లు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌కు ఒక పాలు నీళ్లు కలిపి పోసి అరగంట ఆగితే అచ్చు వస్తుంది. మంచులో పోయకండి, గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కి జాడనే కరిగిస్తుంది. మలం దొరికితే కాగితం సంచిలో వేయండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి, బూజొచ్చి డీఎన్ఏ పాడవుతుంది. గొంతు మీదో మెడ మీదో కాట్లతో, ఆకులు కప్పి ఉన్న జింక కళేబరం కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా ఆ రోజే ఫోన్ చేయాలి. కాట్ల అంచున ఉండే లాలాజలం వానకు పోతుంది, కయోటీలు (తోడేలు జాతి చిన్న జంతువులు) మూతి పెడితే కలిసిపోతుంది.

మన దగ్గరలా బోను పెట్టి పట్టుకుపోతారని ఎదురుచూడకండి, అక్కడ ఆ పద్ధతి లేదు. ఫేస్‌బుక్‌లో చోటు పేరు కూడా పెట్టకండి. మిషిగన్‌లో కూగర్‌ని చంపడం నేరమే అయినా తుపాకీ పట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు.

ఇంతకీ మీ వీడియోలో తోక కనబడుతోందా? కనబడితే ఒరిజినల్‌ను కర్ర ఫొటోతో కలిపి మళ్లీ పంపండి. ఈసారీ కాదంటే, ఏ గుర్తు చూసి కాదంటున్నారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.