చూపు తక్కువైన పిల్లకు ఆన్‌లైన్ ల్యాబ్ ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చదువుతోంది. చూపు చాలా తక్కువ. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కంప్యూటర్ బాగానే వాడుతుంది. ఇప్పుడు కొన్ని ప్రయోగాలు ఆన్‌లైన్‌లో చేయమన్నారు. మౌస్‌తో వైర్లు లాగి కలపాలట. స్నేహితులు చేసి రీడింగులు చెబితే రాసుకొస్తోంది. తనకేమీ రాలేదని ఒకటే బాధ. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, అమ్మాయి బాధ న్యాయమైనదే. పక్కవాళ్ల రీడింగులు రాసుకుంటే ప్రయోగం చేసినట్టెలా అవుతుంది? అనంతపురంలో చాలాకాలం ఫిజిక్స్ ల్యాబ్ చూసుకున్నవాణ్ణి, ఈ విషయంలో నాకు రాజీ లేదు.

ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ అక్షరాలను చదవగలదు. బొమ్మగా గీసిన మీటరులో ముల్లు ఎక్కడుందో దానికి తెలియదు. ఆ వివరం పేజీ తయారుచేసినవాళ్లు రాసి పెట్టాలి.

అలా పెట్టినవీ ఉన్నాయి. కొలరాడో యూనివర్సిటీ వారి ఫెట్ (PhET) సిమ్యులేషన్లలో, అంటే కంప్యూటర్ మీద చేసే నమూనా ప్రయోగాల్లో, ‘ఓమ్స్ లా’ తెరవమనండి, ఉచితమే. ట్యాబ్ కీతో వోల్టేజి దగ్గరికి వెళ్లి బాణం కీ నొక్కుతూ పోతే చాలు. కరెంటు ఎంతకు మారిందో స్క్రీన్ రీడర్ చెబుతుంది. 500 ఓమ్‌ల దగ్గర 4.5 వోల్టులు పెడితే 9 మిల్లీఆంపియర్లు రావాలి. అంకెలు తనే ఎక్సెల్‌లో ఎక్కించుకోవాలి.

కాలేజీ ఇచ్చిన సైటు సంగతి లెక్చరర్‌తో మాట్లాడండి. మౌస్ తీసేసి, కీబోర్డు ఒక్కదానితో ఆ ప్రయోగం పూర్తిచేసి చూడమనండి. ఎక్కడ ఆగిపోతుందో ఆయనకే తెలుస్తుంది. కుదరని ప్రయోగం ల్యాబులోనే చేయించాలి. ఉదాహరణకు, తెలియని రెసిస్టెన్స్ కొలిచే బ్రిడ్జి సర్క్యూట్‌లో బ్యాటరీ బదులు వినిపించే ఫ్రీక్వెన్సీలో ఏసీ ఇచ్చి, కరెంటును ముల్లుతో చూపే గాల్వనోమీటర్ స్థానంలో హెడ్‌ఫోన్ పెడితే, మోత బాగా తగ్గిన చోటే బ్యాలెన్స్ పాయింట్. చెవితో పట్టుకోవచ్చు. తోడు కూర్చున్నవాళ్లు ఆమె చెప్పిన తీగనే కలపాలి, ఆమె అడిగిన రీడింగే చెప్పాలి.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలుంటే వైర్ల మీద పేర్లు ఉండాలి. వినపడనివాళ్లకు వీడియోలో సబ్‌టైటిల్స్ కావాలి. ఇవీ అప్పుడే అడగండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీ, విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాటు చేయాలి. ప్రిన్సిపల్ గారికి అర్జీ అమ్మాయి చేతే రాయించండి. ఏ ప్రయోగంలో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో అందులో స్పష్టంగా ఉండాలి. అందినట్టు సంతకం తీసుకోండి.