న్యూ లానర్క్ మీద వ్యాసం రాస్తున్న చిరంజీవికి

ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున రాబర్ట్ ఓవెన్ నడిపిన నూలు మిల్లులు, పక్కనే కూలీల ఊరు, ఊరికో బడి, చూడవచ్చిన విదేశీయుల మెప్పు. అన్నీ ఉన్నాయి. చిక్కల్లా ఆ మెప్పునే ఊరి చరిత్రగా రాసేయడంలో ఉంది.

ముందు ఒక లెక్క వేసుకో. 1815 నుంచి 1825 దాకా దాదాపు 20 వేల మంది ఆ ఊరు చూడ్డానికి వచ్చారని చెబుతారు. అంటే సగటున రోజుకు అయిదారుగురు. ఊరి జనాభా చూస్తే రెండు వేల పైచిలుకు. ఆ ఊరి పిల్లలకు కొత్త మొహం వింతేమీ కాదు. పెద్ద తరగతి గది 90 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, మూడు వైపులా గ్యాలరీలు. 'పిల్లలు ఆనందంగా నాట్యం చేశారు' అని రాసేముందు, చూసేవాడు ఉన్నాడని తెలిసి ఆడిన ఆట అది అని గుర్తుంచుకో.

1819లో వచ్చిన ఇద్దరిని పక్కపక్కన పెట్టు. అమెరికన్ అధ్యాపకుడు జాన్ గ్రిస్కం ఆ ఊళ్లో క్రమం, ప్రశాంతత చూసి ముచ్చటపడ్డాడు. ఇంగ్లిష్ కవి రాబర్ట్ సౌథీకి మాత్రం పిల్లల నాట్యం తోలుబొమ్మల కదలికలా కనబడింది. కాస్త తెలివి వాడితే మిల్లు నీటిచక్రంతోనే వాళ్లను ఆడించొచ్చనుకున్నాడు. ఊరి పాలన బానిసల తోటకు మరీ దూరంగా లేదనీ అన్నాడు. (సౌథీ విదేశీయుడు కాదు, సరిహద్దు దాటి వచ్చాడంతే. అయినా వదులుకోకు.) ఊరు ఒకటే, ఏడాది ఒకటే. తేడా వచ్చిన చోటే నీ వ్యాసం మొదలవ్వాలి.

ప్రతి వర్ణన పక్కనా ఏడాది రాసుకో. బడి తెరిచింది 1816 జనవరి 1న. 1824లో మిల్లుల్లో ఓవెన్‌కు భాగస్వాములైన క్వేకర్ల (నిరాడంబరత పాటించే ఒక క్రైస్తవ శాఖవాళ్ల) ఒత్తిడికి నాట్యం తీసేశారు, బైబిల్ పాఠం పెంచారు, ఆరేళ్లు దాటిన మగపిల్లలకు పంట్లాం తప్పనిసరి చేశారు. నీ మూడో పేరాలో నాట్యం, బైబిల్ ఒకే ఉదయాన కలిసిపోయాయి.

రష్యా యువరాజు నికొలస్ సంగతి ఇంకో రకం. ఆయన 1816లో వచ్చాడు. బ్రిటన్ నుంచి 20 లక్షల జనాన్ని తన దేశానికి తీసుకుపోతానన్నాడనే మాట మాత్రం ఓవెన్ తన ఆత్మకథలో, నలభై ఏళ్ల తర్వాత రాసుకున్నది. దాన్ని అతిథి అభిప్రాయం కింద వేయకు, 'ఓవెన్ చెప్పిన ప్రకారం' అను.

'క్రమశిక్షణ బాగుంది' అన్న వాక్యం కొట్టేసి, పనివాడి దగ్గర వేలాడే చెక్కముక్కను చూపించు. నాలుగు ముఖాలు, నాలుగు రంగులు. నలుపు చెడ్డ, నీలం అంతంతమాత్రం, పసుపు మంచి, తెలుపు బహు మంచి. నిన్నటి నడతను బట్టి ఒక రంగు బయటికి తిప్పేవారు, తర్వాత పుస్తకంలో ఎక్కించేవారు. తిట్టూ లేదు, దెబ్బా లేదు. అతిథికి అది దయగా కనబడొచ్చు. రోజంతా ఆ నలుపును అందరికీ చూపిస్తూ పనిచేసేవాడికి ఎలా ఉంటుందో ఒక్క వాక్యం నువ్వే రాయాలి.

బడి రుసుము నెలకు మూడు పెన్నీలు. దాన్ని ఈనాటి రూపాయల్లోకి మార్చకు, కూలి పక్కన పెట్టి చూపించు. పదేళ్లు నిండని పిల్లల్ని మిల్లులో చేర్చుకోలేదన్నది రాశావు, సరే. నిండినవాళ్లకు 1816 నాటికి రోజూ 10 గంటల 45 నిమిషాల పని, తర్వాత రాత్రి బడి. ఈ పిల్లల గురించి నీ అతిథులు ఎంత రాశారో వెతికి, రెండో చిత్తుప్రతి పంపు.