పండు ఈగ గురించి రాస్తున్న అమ్మాయికి

రావులపాలెం

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. అరటి మార్కెట్లో చితికిన చక్రకేళి మీద ముసిరిన చిన్న ఈగలతో మొదలుపెట్టావు, చాలా బాగుంది. కోనసీమలో వాటిని చూడనివాళ్లు ఉండరు. కానీ రెండో పేరాలో ‘ఆడ ఈగ కంటబడగానే మగది ప్రేమలో పడుతుంది’ అన్నావు. అసలు సంగతంతా ఆ వాక్యం కింద నలిగిపోయింది.

కంటబడితే చాలదమ్మా. ల్యాబుల్లో పెంచి పరిశీలించే పండు ఈగ జాతి డ్రోసోఫిలా మెలనోగాస్టర్. దాని మగ ఈగ, ఎదుట ఆడది తిరుగుతున్నా పట్టించుకోకుండా ఉండొచ్చు. ముందుకాలితో తాకి, ఆడదాని ఒంటి మీది రసాయనాల రుచి తెలిశాక మగదాని మెదడులో పీ1 అనే కణాలు చురుకవుతాయి. అప్పుడు చూపు పనిచేసే తీరే మారిపోతుంది. కదిలే చిన్న వస్తువుల్ని పసిగట్టి లోపలికి కబురు మోసే ఎల్‌సీ10ఏ కణాలు ఉన్నాయి కదా, పీ1 చురుగ్గా ఉన్నంతసేపూ వాటి స్పందన రేడియో వాల్యూమ్ పెంచినట్టు పెరుగుతుంది. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో వెనెసా రూటా బృందం 2021లో దీన్ని చూపించింది. ఆ స్థితిలో ఉన్న మగ ఈగ తెర మీద కదిలే చుక్క వెంట కూడా పడుతుంది! తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కోరిక వెళ్లి చూపునే మారుస్తోంది. నీ పాఠకుడికి అందాల్సింది ఇదే, దీనికి ఇంకో నాలుగు వాక్యాలు ఖర్చుపెట్టు.

2018 నాటి ప్రయోగం కూడా చేర్చు. ఎల్‌సీ10 కణాలను (పైన చెప్పిన ఎల్‌సీ10ఏ వాటిలో ఒక రకం) ఆపేస్తే మగది ఆడదాని వైపు సరిగా తిరగలేకపోయింది, దగ్గరగా వెంబడించలేకపోయింది. మామూలుగా అయితే ఆడది ఏ పక్కనుంటే ఎక్కువగా ఆ పక్క రెక్కనే చాచి, ఆడించి పాట వినిపిస్తుంది. ఆ రెక్క ఎంపిక కూడా తప్పింది. ‘దృష్టి ముఖ్యపాత్ర పోషిస్తుంది’ అని రాశావే, అక్కడ ఈ రెక్కను పెట్టు.

పీ1, ఎల్‌సీ10ఏ లాంటి పేర్లు తీసేయాలేమో అని టెన్షన్ పడకు. 28-28-0 అని ఎరువు పేరు గడగడా చెప్పే రైతులున్న ఊళ్లు మనవి.

మార్కెట్లో చూసినవి ల్యాబ్ జాతివే అని మాత్రం ఖాయంగా రాయకు. మామిడికాయలో గుడ్లు పెట్టే పండు ఈగది అసలు వేరే కుటుంబం. ఈసారి భూతద్దం పట్టుకెళ్లి, ఒక రెక్క చాచి తిరిగే ఈగ కనిపించేదాకా కూర్చో.

మనుషుల ప్రేమ గురించి రాసిన చివరి పేరా కొట్టెయ్. ఈ ప్రయోగాలు దాని గురించి ఏమీ చెప్పలేదు. మార్చాక ప్రింట్ తీసి పంపు, పక్కన రాసి ఇస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు