పాటల పెట్టె: 2024లో మనసు గెలుచుకున్న పాప్, ఇండీ పాటలు

ఈ నెల మాకు అందిన ప్రశ్నలలో చాలావరకు 2024లో వెలువడిన ఆంగ్ల పాప్ పాటల గురించి, సినిమాతో సంబంధం లేకుండా వచ్చిన స్వతంత్ర (ఇండీ) గీతాల గురించి అడిగినవే. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: 2024లో విడుదలైన పాప్, ఇండీ పాటలలో మీకు బాగా నచ్చినవి ఏవి? ఎన్ని కోట్లమంది విన్నారన్న లెక్క కాకుండా, మీకు అవి ఎందుకు నచ్చాయో చెప్పగలరా?
– ఒక కళాశాల విద్యార్థి, క్రోంపేట, చెన్నై

జవాబు: సినిమా పాట వెనుక ఒక కథ ఉంటుంది, ఒక సన్నివేశం ఉంటుంది, తెరమీద మనకు తెలిసిన ముఖం ఉంటుంది. ప్రైవేటు పాటకు ఆ ఆసరాలు ఏవీ లేవు కనుక, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, వారి మధ్య ఏం జరిగిందో, ఆ గాలి ఎలాంటిదో అంతా మూడు నాలుగు నిమిషాలలో పాటే చెప్పుకోవాలి. ఆ పనిని ఎంత బాగా చేసిందన్న ఒక్క కొలతతోనే నా ఇష్టాలను చెబుతాను.

అన్నిటికంటె ముందు నిలిచేది 'రైట్ బ్యాక్ టు ఇట్'. కేటీ క్రచ్‌ఫీల్డ్ అనే అమెరికన్ గాయని వాక్సహాచీ అన్న పేరుతో పాడుతుంది. ఈ పాట ఆమె 'టైగర్స్ బ్లడ్' ఆల్బమ్‌లోనిది. చాలాకాలంగా కలిసి బతుకుతున్న ఇద్దరిలో ఒకరి మనసు అప్పుడప్పుడు దూరం జరగడం, మళ్లీ ఏమీ జరగనట్టే తన చోటికి చేరుకోవడం ఇందులోని విషయం. తొలిప్రేమను, విరహాన్ని పాడిన పాటలు కోకొల్లలు గాని, పాతబడిన అనుబంధంలోని ఈ రాకపోకలను పాడినవి బహు తక్కువ. ఫిల్ కుక్ వాయించిన బాంజో అనే తంత్రీవాద్యం పాట పొడుగునా తొందర లేకుండా నడుస్తుంది. చరణం ముగిసి పల్లవి వచ్చేసరికి గాయకుడు ఎం.జె. లెండర్‌మన్ గొంతు ఆమె గొంతుతో కలుస్తుంది. అతడు ముందుకు రాడు, తన ఉనికిని చాటుకోడు. ఆమె స్వరానికి పక్కనే, కొంచెం అలసటగా, కాని విడిచిపోకుండా ఉంటాడు. మాటలు చెబుతున్న అనుబంధం అంతా ఆ రెండు గొంతుల అమరికలోనే వినిపిస్తుంది. ఏర్పాటు చేసిన సన్నివేశం లేకపోయినా పాట తన మనుషులను తానే నిలబెట్టుకోవడమంటే ఇదే.

ఆ ఆల్బమ్ విడుదలైన 2024 మార్చి 22వ తేదీనే అమెరికన్ గాయని ఏడ్రియన్ లెంకర్ 'బ్రైట్ ఫ్యూచర్' కూడా వచ్చింది. కంప్యూటర్ సాయం లేకుండా, పాతకాలపు పద్ధతిలో టేపు మీదే రికార్డు చేసిన ఆల్బమ్ అది. అందులోని 'శాడ్‌నెస్ యాజ్ ఎ గిఫ్ట్' వింటే, ఒకే గదిలో కూర్చుని నలుగురు మనుషులు ఒకరినొకరు గమనించుకుంటూ వాయిస్తున్నట్టు తెలుస్తుంది. వయొలిన్ గొంతును అనుసరిస్తూనే ఒక్కొక్కచోట వెనుకబడుతుంది. దానిని సరిదిద్దకుండా వదిలేయడం వల్లనే విడిపోతున్న ఇద్దరి మాటలకు అంత నిజాయితీ వచ్చిందని నా అభిప్రాయం.

ఇక పెద్ద పాప్ పాటలకు వస్తే, బిలీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' నాకు మిక్కిలి ఇష్టం. తన అన్న ఫినియస్‌తో కలిసి ఆమె చేసిన 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' ఆల్బమ్ మే 17న వచ్చింది. ఆల్బమ్‌ను మొదటినుంచి చివరిదాకా ఒక్కటిగా వినాలన్న ఉద్దేశంతో ముందుగా ఒక్క పాటనూ విడిగా విడుదల చేయలేదు. ఈ పాట లేత ఎండలా తేలికగా సాగుతుంది, కాని మాటలను జాగ్రత్తగా వింటే అందులో చావు ఉంది, సమాధి ఉంది. ప్రేమించిన మనిషి లేని రోజును ఊహించుకోలేని భయం ఉంది. గుసగుసలాడే గాయనిగా పేరుపడిన ఆమె, చివరి భాగంలో గొంతు పూర్తిగా విప్పి పై స్థాయికి ఎక్కుతుంది. అంతవరకు దాచుకున్న భయం అక్కడ బయటపడుతుంది.

ఛాపెల్ రోన్ 'గుడ్ లక్, బేబ్!' ఏప్రిల్‌లో వచ్చింది. తనను ప్రేమించి కూడా ఆ ప్రేమను ఒప్పుకోలేక, లోకం మెచ్చే పెళ్లివైపు వెళ్లిపోతున్న స్త్రీతో మరొక స్త్రీ చెప్పే మాటలివి. ఏళ్లు గడిచాక భర్త పక్కన నిద్రలేచి ఆమె ఏం తెలుసుకుంటుందో పాట మధ్యలో ఊహించి చెప్పే ఘట్టం ఉంది. అక్కడ గాయని స్వరం తారస్థాయికి చేరుతుంది. పాట ముగింపులో లయ, శ్రుతి రెండూ మెల్లమెల్లగా జారి, టేపు నెమ్మదించి ఆగిపోతున్నట్టు ముగుస్తుంది. కోపం, జాలి, ప్రేమ ఒకే గొంతులో ఇంత స్పష్టంగా పలకడం అరుదు.

మరొక విశేషాన్ని తప్పక చెప్పాలి. ఛార్లీ ఎక్స్‌సిఎక్స్ జూన్ 7న విడుదల చేసిన 'బ్రాట్' ఆల్బమ్‌లో 'గర్ల్, సో కన్‌ఫ్యూజింగ్' అనే పాట ఉంది. తోటి గాయని ఒకరు తనను ఇష్టపడుతున్నదో లేదో అర్థం కాక పడే తికమకను, పేరు చెప్పకుండా, ఆమె అందులో పాడింది. రెండు వారాలు తిరిగేసరికి న్యూజీలాండ్ గాయని లార్డ్ ఆ పాటలోనే తన జవాబును పాడి చేర్చింది. తాను దూరంగా ఉన్నది అయిష్టంతో కాదని, తన శరీరాన్ని తానే భరించలేని రోజులలో ఎవరికీ కనబడలేకపోయానని ఆమె చెప్పుకుంది. పాటలో సంవాదం మనకు కొత్తది కాదు. మన నాటకాలలో పద్యానికి పద్యంతో బదులు చెప్పుకున్న పాత్రలు ఎందరో ఉన్నారు. కాని ఇద్దరు జీవించి ఉన్న మనుషులు తమ మధ్య నిజంగా ఉన్న ముడిని లోకం వింటుండగా పాటలోనే విప్పుకోవడం నన్ను కదిలించింది. డాన్సు బీటు మీద ఆ మాటలు వింటుంటే కళ్లు చెమర్చాయని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

చివరగా, ఓపిక ఉన్నవారికోసం, ది క్యూర్ బృందం పాడిన 'అలోన్'. పదహారేళ్ల తరువాత ఆ బృందం నవంబరు 1న తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' ఆల్బమ్‌లో మొదటి పాట ఇది. మూడు నిమిషాలు దాటేవరకు రాబర్ట్ స్మిత్ గొంతు వినిపించదు. అంతసేపు వాద్యాలు మాత్రమే బరువుగా సాగి, గొంతు వచ్చేసరికి అప్పటికే ఏదో ముగిసిపోయిందన్న భావన మనలో స్థిరపడుతుంది. రాగాలాపన విని పెరిగిన చెవులకు ఈ నిరీక్షణ కష్టంగా తోచదని నా నమ్మకం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతున్నది. ఎప్పుడూ ఇంగ్లీషు పాటలే వింటుంది. తనతో కూర్చుని నేనూ వినాలని ఉంది గాని, ఆ పాటలలో పల్లవి ఎక్కడుందో, చరణం ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు. మాటలూ సరిగా తెలియవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక గృహిణి, పెరంబూర్, చెన్నై

జవాబు: అమ్మా, మీ ఇబ్బందికి మూలం భాష కంటె పాట నిర్మాణంలోనే ఎక్కువగా ఉంది. మన సినిమా పాటలో ముందు కాస్త వాద్యసంగీతం, వెంటనే పల్లవి, ఆ తరువాత చరణం వస్తాయి. మన చెవి పల్లవిని మొదటే పట్టుకుని, ప్రతి చరణం చివర దాని రాకకోసం చూస్తుంది. పాశ్చాత్య పాప్ పాటలో ఎక్కువగా చరణమే ముందు వస్తుంది. అది సంగతి చెబుతుంది, ఆ తరువాత కొద్ది పంక్తులు వేగాన్ని పెంచుతాయి, అప్పుడు గాని పల్లవి రాదు. అందువల్ల మొదటి నిమిషంలో పాట ఇంకా మొదలే కాలేదని మనకు అనిపిస్తుంది. రెండుసార్లు పల్లవి తిరిగాక, ఒకే ఒక్కసారి వచ్చే కొత్త బాణీ ఒకటి ఉంటుంది. దానిని బ్రిడ్జ్ అంటారు. పాటలోని అసలు రహస్యం తరచుగా అక్కడే దాగి ఉంటుంది. పైన చెప్పిన 'గుడ్ లక్, బేబ్!'లో భర్త పక్కన నిద్రలేచే ఘట్టం అలాంటిదే.

కనుక మీరు సబ్రీనా కార్పెంటర్ 'ఎస్‌ప్రెసో'తో మొదలుపెట్టండి. మూడు నిమిషాలకు లోపే ముగిసే ఆ పాట నేరుగా పల్లవితో ప్రారంభమవుతుంది కాబట్టి మీ చెవికి వెంటనే దారి దొరుకుతుంది. ఆపైన 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' వినండి. మాటల అర్థాన్ని అమ్మాయినే అడగండి. తనకు నచ్చిన పాటలోని ఒక్కొక్క పంక్తిని తల్లికి తెలుగులో విప్పి చెప్పే అవకాశాన్ని ఏ బిడ్డా వదులుకోదు. బదులుగా మీకు ఇష్టమైన పాట ఒకటి తనకు వినిపించండి.

ప్రశ్న: మన దక్షిణాదినుంచి 2024లో చెప్పుకోదగిన స్వతంత్ర గీతాలు వచ్చాయా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోలింగనల్లూర్, చెన్నై

జవాబు: వచ్చాయి. మన చెన్నైలోనే థింక్ ఇండీ సంస్థ ద్వారా జనవరిలో సాయి అభ్యంకర్ 'కచ్చి సేర' విడుదలైంది, ఆ తరువాత అదే సంవత్సరంలో 'ఆస కూడ' వచ్చింది. తెలుగు సినిమా పాటలూ పాడిన టిప్పు, హరిణి దంపతుల కుమారుడే ఈ యువకుడు. రెండవ పాటలో ఆయన సోదరి సాయి స్మృతి గొంతు కూడా ఉంది. ఈ ఊళ్లో ఆ ఏడాది పెళ్లిమండపాలలో, కళాశాల ఉత్సవాలలో ఈ పాటలు ఎంతగా మోగాయో మీకు చెప్పనక్కరలేదు. తెలిసిన తమిళ జానపద బాణీల ఊపును నేటి బీటుతో కలపడంలో ఆయనకు మంచి నేర్పు ఉంది.

బెంగళూరులో నివసించే ర్యాపర్ హనుమాన్‌కైండ్, సంగీతకర్త కల్మీతో కలిసి జులైలో తెచ్చిన 'బిగ్ డాగ్స్' దేశాలు దాటి వెళ్లింది. తిరునాళ్లలో మోటారుసైకిళ్లు నిలువు గోడమీద తిరిగే మృత్యుకూపంలో దాని వీడియోను చిత్రించారు. దృశ్యం లేకుండా వింటే పాటకు సగం బలం తగ్గుతుందని నాకనిపించింది. అందుకే దానిని నా మొదటి వరుసలో చేర్చలేదు. ఉత్తరాది వారైనా ఢిల్లీ బృందం పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ ఆగస్టులో తెచ్చిన 'బీటా' ఆల్బమ్‌ను కూడా వినమని కోరుతున్నాను. అది వరుసగా వినవలసిన ఆల్బమ్. ఒక్కొక్క పాటగా తుంచి వింటే దాని అందం తెలియదు.

ప్రశ్న: తెలుగులో సినిమా పాట తప్ప వేరే పాటకు చోటు లేదని మా స్నేహితులు అంటారు. నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టి. నగర్, చెన్నై

జవాబు: మాస్టారూ, ఈ మాటను నేను అంగీకరించలేను. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది. అక్కడ పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసి, బాణీ కట్టిన 'మాదీ స్వతంత్రదేశం' 1947లో స్వాతంత్ర్యం వచ్చిన వేళ టంగుటూరి సూర్యకుమారి గొంతున ఈ నగరంనుంచే వినిపించింది. సాలూరి రాజేశ్వరరావు గారి 'చల్లగాలిలో యమునా తటిపై' ఏ సినిమాలోనిదీ కాదు. ఘంటసాల గారు పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' ప్రైవేటు రికార్డుగానే ఇంటింటా చేరింది. సన్నివేశం లేకుండా సన్నివేశాన్ని సృష్టించే విద్య మనవారికి ఎంత బాగా తెలుసో చెప్పడానికి ఆ పూలబాల మాటలు చాలు.

ఇప్పటి మాట చెప్పాలంటే, ఇంగ్లీషులో ఇండీ అని పిలుచుకునే సంగీతాన్ని తెలుగులో గిటారు పట్టుకున్న బృందాలలో మాత్రమే వెతకడం వల్ల మన స్నేహితులకు అది కనబడడం లేదు. యూట్యూబ్‌లో సినిమా నిర్మాతల ప్రమేయం లేకుండా వెలువడుతున్న తెలంగాణ జానపద శైలి పాటలే నేడు మన అతిపెద్ద స్వతంత్ర సంగీతం. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' ఏ హీరో సాయమూ లేకుండా ఊరూరికీ చేరింది. వీటిలో చాలా పాటలు ఒకే మూసలో వస్తున్నమాట నిజమే. మంచి రికార్డింగు, కొత్త ఇతివృత్తాలు రావలసి ఉంది. చౌరస్తా బృందంలో వెలుగులోకి వచ్చిన రామ్ మిరియాల వంటివారిని సినిమా వెంటనే తనవైపు తీసుకుపోతుండటం నాకు నిజమైన బెంగ. వారు అక్కడ రాణించడం సంతోషమే గాని, తిరిగి తమ సొంత పాట పాడుకునే తీరిక కూడా వారికి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: నచ్చిన ఇండీ కళాకారులకు నా వంతు సాయం చేయాలంటే పాటను మళ్లీ మళ్లీ వింటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఆవడి

జవాబు: చిన్న కళాకారుల విషయంలో సరిపోదు. 2024నుంచి స్పాటిఫై నిబంధన ప్రకారం, గడిచిన పన్నెండు నెలలలో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాబడే రాదు. బ్యాండ్‌క్యాంప్ అనే చోట డిజిటల్ ఆల్బమ్‌ను నేరుగా కొంటే సంస్థ 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు పోగా మిగిలినది కళాకారులకు చేరుతుంది. మరొక దారిని సిండీ లీ అనే పేరుతో పాడే కెనడా కళాకారుడు ప్యాట్రిక్ ఫ్లెగెల్ చూపించాడు. రెండు గంటలకు పైగా సాగే 32 పాటల 'డైమండ్ జూబిలీ'ని 2024 మార్చిలో స్ట్రీమింగ్ యాప్‌లకు ఇవ్వకుండా, యూట్యూబ్‌లో ఒకే నిడివిగా ఉంచి, దించుకోదలచినవారు 30 కెనడా డాలర్లు ఇవ్వవచ్చని తన సొంత పేజీలో కోరాడు. వీలైనప్పుడు టికెట్టు కొని కచేరీకి వెళ్లండి. నుంగంబాక్కంలోని అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో, జనవరిలో ఐఐటీ సారంగ్ ఉత్సవంలో కొత్త బృందాలను దగ్గరనుంచి వినే వీలుంటుంది. కచేరీ అయ్యాక వారివద్ద సీడీ గాని, టీషర్టు గాని అమ్మకానికి ఉంటే ఒకటి తీసుకోండి.