సమాధానం: తోతాపురి మామిడి గుజ్జుకి కొత్త దేశాలు ఎలా వెతకాలి?

అన్నా, గల్ఫ్‌లో మీకున్న ఒక్క బయ్యర్ ఆర్డర్ తగ్గించేశాడు, చిత్తూరు యూనిట్‌లో తోతాపురి గుజ్జు డ్రమ్ములు నిలిచిపోయాయి, యూరప్‌కి పంపొచ్చా అని అడిగారు.

పంపొచ్చు. కానీ ముందు ల్యాబ్ రిపోర్టు చూసుకోండి. అక్కడివాళ్లు ధర కంటే ముందు పురుగుమందుల అవశేషాల సంగతి అడుగుతారు. ఏ తోట కాయ ఏ బ్యాచ్‌లోకి వెళ్లిందో రాసిపెట్టి ఉండాలి. రైతు చివరిసారి ఏ మందు, ఎప్పుడు కొట్టాడో కాయ దించేటప్పుడే రాయించుకోండి, సీజన్ అయిపోయాక ఎవరికీ గుర్తుండదు. కార్బైడ్‌తో మాగబెట్టిన కాయ వస్తే గేటు దగ్గరే తిప్పి పంపేయండి, అది మన దేశంలోనే నిషేధం.

ఇంకోటి, 215 కిలోల అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపి సీలు చేసిన) డ్రమ్ము పెద్ద జ్యూస్ కంపెనీలకే సరిపోతుంది. ఐస్‌క్రీం, మిఠాయిలు చేసే చిన్నవాళ్లకి 3.1 కిలోల టిన్ను అనుకూలం. కొత్త దేశంలో మొదటి ఆర్డరు ఆ టిన్నుకే వస్తుందని నా గట్టి నమ్మకం.

గల్ఫ్‌ని మాత్రం వదిలేయకండి. యూఏఈతో వాణిజ్య ఒప్పందం 2022 మే నుంచి అమల్లో ఉంది. దుబాయ్‌లో ఏటా జరిగే ఆహార వాణిజ్య ప్రదర్శన గల్ఫుడ్‌కి ఆఫ్రికా బయ్యర్లు కూడా వస్తారు. అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదు లేకపోతే ఈ వారమే చేయించండి. కొత్తవాళ్లకి అప్పు మీద సరుకు పంపేముందు ఈసీజీసీ కవర్ (బయ్యర్ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ ఎగుమతి బీమా) తీసుకోండి.

బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత ఉన్న మీ రిపోర్టు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.